కుదరని కుడి చెంప

నేను వెళ్లింది ఒక్క ప్రశ్న అడగడానికి. ఒక జంతువు తల మట్టిలో ఏ పక్కకు ఒరిగి ఉండేది, అని. దానికోసం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు నాలుగు రోజులు తిరిగాను. అడిగిన ప్రశ్నకు కాకుండా అడగని ప్రశ్నకు జవాబు దొరికింది. వచ్చి నాలుగు నెలలైనా ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ మెట్టు ఉందనుకుని గాల్లో కాలేసినట్టు అవుతుంది.

ముందు నా పనేమిటో చెప్పాలి. మాది తణుకు పక్కన పల్లెటూరు. పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను. ప్రమాదాల్లో పుర్రె పగిలినవాళ్లకు పోయిన ఎముక ముక్క ఎలా ఉండేదో స్కాన్ చూసి కంప్యూటర్లో తయారుచేయడం నా ఉద్యోగం. ఎడమ పక్క పోతే కుడి పక్కను అద్దంలోలాగా తిప్పి చూస్తాం. తలకు రెండు పక్కలూ దాదాపు ఒకటే కాబట్టి పని జరిగిపోతుంది.

ఆరేళ్ల కిందట ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. శిలాజాలు తవ్వి రిటైరైన ప్రొఫెసరు. "బతికున్న తలకాయలు బాగుచేస్తావట. చచ్చిన తలకాయ ఒకటుంది, చూస్తావా?" అన్నాడు. అప్పటినుంచి ఆయన నాకు సార్.

ఆ తల గోదావరి పక్క ఎర్రమట్టిలో ముప్పై ఏళ్ల కిందట ఆయన తవ్వించింది. పందంత ఒళ్లు, తాబేలు మూతి, రెండు కోరలు ఉన్న జంతువు. ఇరవై కోట్ల ఏళ్లకు ముందే పోయింది. అంత కాలం మట్టి బరువు మీద పడితే ఎముక ఉన్నట్టు ఉండదు. నలుగుతుంది, పక్కకు జారుతుంది, చపాతీ పిండిలా సాగుతుంది. దాన్ని ఒక ఆదివారం, రోగులు లేని వేళ, స్కాన్ తీయించాం. కంప్యూటర్లో ఆ తల మీద ఎడమ పక్క ఒక గుర్తు, దానికి జోడీగా కుడి పక్క ఒక గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఏ దిక్కునుంచి ఎంత నొక్కితే ఈ రెండు పక్కలూ ఇలా తేడా పడతాయో ప్రోగ్రాం లెక్కకట్టి, ఆ నొక్కుడును వెనక్కి తిప్పుతుంది. నలిగిన చొక్కాను ఇస్త్రీ చేసినట్టన్నమాట.

ఎంత ఇస్త్రీ చేసినా కుడి చెంప కుదరలేదు. చివరకు వచ్చిన ముఖం వెడల్పుగా, కుడి కోర బయటికి తిరిగి, ఎక్కడా చూడనిదిలా ఉంది. సార్ కళ్లు మెరిశాయి. కొత్త జంతువు అన్నాడు. పేరు కూడా అనుకున్నాడు. వ్యాసం పత్రికకు వెళ్లింది. దాన్ని పరిశీలించినవాళ్లు ఒక్కటే అడిగారు: తల నేలలో ఏ పక్కకు ఒరిగి ఉండేది? అది తెలిస్తే నొక్కుడు ఏ దిక్కునుంచి వచ్చిందో రుజువవుతుంది. సార్ నోటుపుస్తకాన్ని చెదలు తినేశాయి. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు, గుర్తు లేదు. "జనగామలో మా జీపు డ్రైవరుండాలి, మల్లేశం. వాడిని అడుగు" అన్నాడు.

జనగామ

ఆ తలను ఉన్నది ఉన్నట్టు, అదే కొలతలో, ప్లాస్టిక్‌లో అచ్చు తీయించి సంచిలో పెట్టుకున్నాను. నడిమధ్య రెండు చెక్కలుగా విడదీసి మళ్లీ పుల్లలతో బిగించేలా చేయించాను.

బస్సులో కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి వెనక్కి ఇచ్చేసింది. "మీది ఆంధ్రా కార్డు గద మేడం. ఈడి ఆడోళ్లకే ఫ్రీ. టికెట్ తీసుకోండ్రి." తీసుకున్నాను. సంచి ఎత్తి చూసి "గిదేంది, గింత పెద్దగున్నది?" అంది. ఆలోచించకుండా "పుర్రె" అన్నాను. నా పక్క సీటు ఆమె కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. జనగామ దాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. నిండు బస్సు అది.

మల్లేశం ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. సార్ పేరు చెప్పగానే మంచం మీంచి లేచి నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్లు పట్టేశాయి, అయినా నిలబడ్డాడు. ఆయన భార్య సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగునే వత్తి కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టె పైన కరకరలాడినా లోపల మెత్తగా ఉంటుంది. ఇది అడుగునుంచి అంచుదాకా పళ్లతో పోట్లాడుతుంది. మూడు తిన్నాను.

తిన్నాక సంచి విప్పాను. ఆయన భార్య కెవ్వుమంది. మల్లేశం మాత్రం ప్లాస్టిక్ తలను చూడగానే చప్పున తల దించుకున్నాడు.

"ఎర్కైందా మీకు?" అన్నాడు.

"ఏమిటండీ?"

"సారుకు ఎర్కైంది, అందుకే పంపిండు మిమ్ముల. చెప్త. దాచుడెందుకు. ఆ తల పెట్టిన పెట్టె పడ్డది మేడం. రఘునాథపల్లి దాటంగనే బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టిన. పెట్టె ఎగిరి నా సీటుకు తాకింది. సారు ముందుగాల రైలెక్కి పోయిండు, చూడలే. లోపట ఏదో టక్కుమన్నది. నేను ఎవ్వలకు చెప్పలే. ముప్పై ఏండ్లాయె."

 పెట్టె పడిందని మాకు తెలుసు. ప్రయోగశాలలో విప్పినప్పుడు తల చుట్టూ వేసిన సున్నం కట్టు మీద పగులు కనిపించింది. లోపలి ముక్కలు కొన్ని విడిపోయి ఉంటే ఉన్నచోటునే చూసి బంకతో అతికించారు. అది నష్టమే కాదు. ఆ మాట చెప్పాను.

 మల్లేశం భార్యవైపు తిరిగి, "ఇన్నవా? ఏం గాలేదట" అన్నాడు. ఆమె, "నాకేం చెప్పినవని ఇనాలె?" అంది. ఆమెకు కూడా చెప్పలేదన్నమాట!

తల ఏ పక్కకు ఉండేదో ఆయనకు తెలియదు. ఆయన ఎప్పుడూ జీపు దగ్గరే ఉండేవాడట. "తవ్వినోళ్లు నెల్లికుదురు కాడి తండా నుంచి వచ్చిండ్రు. మేస్త్రి నాయక్ పోయిండన్నరు. ఆయన బిడ్డ ఉంటది, సక్రి. ఆ తల కాడ పనిచేసింది ఆ పిల్లనే. మస్తు ఒడుపున్న చెయ్యి" అన్నాడు.

వెళ్లేటప్పుడు గేటుదాకా వచ్చి మెల్లగా అడిగాడు: "నిజంగనే ఏం గాలేదా?"

"ఏమీ కాలేదండీ" అన్నాను, చాలా ధీమాగా. మరునాటికి ఆ ధీమా లేదు.

మానుకోట

మహబూబాబాదును అక్కడివాళ్లు మానుకోట అంటారు. రైలు దిగగానే తుమ్ములు. ఫిబ్రవరి, మిర్చి కాలం. స్టేషను బయట పదిహేను రూపాయల చాయ్ తాగుతుంటే హోటలతను, "గాలి గూడ కారం గొడ్తది మేడం ఇప్పుడు" అని నవ్వాడు. మా వైపు మిర్చి బస్తాల్లో కనిపిస్తుంది. ఇక్కడ గాల్లోనే ఉంది.

నెల్లికుదురు మీదుగా ఆటోలో వెళ్లాను. గుంతలో పడ్డప్పుడు సంచిలో టప్‌మని శబ్దమైంది. తీసి చూస్తే ప్లాస్టిక్ కుడి కోర విరిగింది. ఆటో అతను వెనక్కి తిరిగి, "పన్ను ఊడిందా?" అని నిజమైన బాధతో అడిగాడు.

తండా మొదట్లోనే కళ్లం. నేలంతా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతూ వాళ్ల భాషలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేను వెళ్లగానే నవ్వు ఆపేసి తెలుగులోకి మారారు. మన ఇంట్లో మనం మాట్లాడుకుంటుంటే పరాయివాళ్లు వచ్చినట్టుగా. సక్రి కోసం వచ్చానంటే యాభై ఏళ్ల ఆవిడ లేచింది. సన్నగా, నిటారుగా ఉంది. చేతులు మోచేతిదాకా కారపు ఎరుపు.

సార్ పేరు చెప్పాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "ఉన్నడా?" అంది. ఉన్నాడన్నాను. "చేతులు కడుక్కొని వస్త."

చాలాసేపు కడుక్కుంది. నేను గడపలో కూర్చుని చూస్తున్నాను. సబ్బు పెట్టి కడిగి, మళ్లీ కడిగింది. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ప్లాస్టిక్ తల తీసి ఆమె ముందు పెట్టి, "అక్కా, ఇది మట్టిలో ఏ పక్కకు ఒరిగి ఉండేదో గుర్తుందా?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న అడిగేశాను, ఇక ఇంటికి వెళ్లిపోవచ్చు అనుకున్నాను.

ఆమె ఎడమ పక్క చేయి వేసింది. కంటి గుంట మీంచి చెంప మీదుగా కోరదాకా, పశువును నిమిరినట్టు నిమిరింది. తర్వాత కుడి పక్క చేయి పెట్టింది. పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంది.

"గీ పక్క దీనిది గాదు" అంది.

నాకు అర్థం కాలేదు. అంటే?

"దీనిది గాదక్కా. ఇంకోదానిది. నేనే పెట్టిన."

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా నేను రాసుకోలేదు. పెన్ను చేతిలోనే ఉంది, రాయాలని తోచలేదు. గుర్తున్నంత వరకు ఆమె మాటల్లోనే పెడుతున్నాను. బొక్క అంటే వాళ్ల మాటలో ఎముక.

"నాకు పంతొమ్మిదేండ్లు. ఆడోళ్లు మట్టి మోసుడే గని బొక్క కాడికి రానియ్యకపోదురు. మా బాపు సారు కాళ్లా ఏళ్లా పడి, నా బిడ్డ చెయ్యి మంచిదని జమానతు చెప్పిండు. సారు ఒప్పుకుండు. సన్న సీల, కుంచె, గంతే. గడ్డపార దగ్గరికి తేవద్దని దినాం చెప్పేటోడు. ఆ దినం అందరు అన్నానికి పోయిండ్రు. జర మట్టి గట్టిగుండె. సారు వచ్చేలోపు తీసి చూపెట్టాలని నాకు తొందర. గడ్డపార పట్టిన. జారింది."

ఆమె కుడి అరచేయి తెరిచి, మూసింది.

"ఈ పక్క చెంప పిండైంది. ముక్కలు గాదు, పిండి. నాకు కండ్లకు చీకట్లొచ్చినయ్. బాపు మాట పోతది. ఇగ ఏ ఆడిదాన్ని బొక్క ముట్టనియ్యరు. చెయ్యి చాపితే అందేటంత దూరంల ఇంకోటి ఉండె. చెంప ఒక్కటే బయటికి తేలి ఉండె. దాన్ని నేనే చూసిన, ఇంకెవ్వలకు ఎర్క లేదు. కోరతో సహ ఆ చెంప సీలతోని తీసి దీనికి పెట్టిన. జర చిన్నగుండె. ఎర్రమట్టి తడిపి సందులన్ని నింపిన. ఆ రెండోదాన్ని మట్టేసి కప్పి, మీద రాళ్లు పెట్టిన. సారొచ్చి సున్నం కట్టు కట్టిండు. కట్టేటప్పుడు ఏమన్నడో ఎర్కనా? 'ఎంత శుభ్రంగ తీసినవ్ బిడ్డా' అన్నడు. నలుగురి ముంగట అన్నడు. మా బాపు మీసం దువ్విండు. ఆ మాట నాకు ఇప్పటికీ ఈడ ఉంటది." గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

 సక్రి కోడలు జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి నూరిన కారం తెచ్చి పెట్టింది. తిన్నాను. ఆ కారానికి మామూలుగా అయితే ఏడ్చేదాన్ని. నోట్లో ఏమీ తెలియలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. కంప్యూటర్లో ఆ తల మీద నేను పెట్టిన గుర్తులన్నీ వ్యాసంలో లేవు. కుడి చెంప మీద పదకొండు గుర్తులు దేనికీ పొసగలేదు. వాటిని ఉంచితే ప్రోగ్రాం ఏ దిక్కూ తేల్చుకోలేక ఆగిపోయేది. ఎముక బాగా చితికిన చోటులే అని వాటిని తీసేశాను. తీసేయగానే ముఖం వచ్చింది. ఆ పదకొండు గుర్తులూ ఆరేళ్లుగా నాకు ఒకటే చెబుతున్నాయి: ఇది దీనిది కాదు. ఇంటర్మీడియెట్ కూడా చదవని సక్రి ఒక్కసారి చేయి పెట్టి చెప్పినదాన్ని, ఆ గుర్తులు ఆరేళ్లు చెప్పినా నేను వినలేదు. ఆమె భయపడి దాచింది. నేను ఏ భయమూ లేకుండా తుడిచేశాను. ఎవరిది పెద్ద తప్పో ఆ గడపలో కూర్చునే నాకు తెలిసిపోయింది.

బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేసి చెప్పాను.  "ఎవరో ఏదో చెబితే నమ్మేస్తావా?" అన్నాడు. "నా చేతులతో కట్టు కట్టాను. నాకు తెలియదా?" ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

లోపలికి వచ్చేసరికి సక్రి చెప్పులేసుకుని నిలబడి ఉంది. "సారు నమ్మలే గద? జాగ చూపెడ్త పా. ఆ రెండోది ఆడనే ఉండాలె."

కోడలు, "మిర్చి ఏరేది ఎవరు?" అంది.

"మిర్చి రేపు గూడ ఎర్రగనే ఉంటది" అంది సక్రి.

భూపాలపల్లి

నర్సంపేట మీదుగా కారు మాట్లాడుకుని పోయాం. భూపాలపల్లి దగ్గరపడుతున్న కొద్దీ రోడ్డు అంచులు నల్లబడ్డాయి. బొగ్గు లారీల వెనక మా కారు పాకుతుంటే అద్దం మీద నల్లటి పొడి. సక్రి వేలితో గీత గీసి చూసింది. "మేం వచ్చినప్పుడు గింత లేకుండె."

మధ్యాహ్నం మూడింటికి లాడ్జిలో దిగాం. గదికి ఎనిమిది వందలు. దుప్పటి మీద బొగ్గు మరక ఉంటే ఎవరిని అడగాలో తెలియక తిరగేసి వేశాను. సక్రి కిటికీ దగ్గర కూర్చుంది. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. చేయాలని లేదు, చేయకుండా ఉండలేను.

తలను నడిమధ్య కోశాను. కుడి సగం పక్కన పెట్టేశాను. ఎడమ సగాన్ని మాత్రమే తీసుకుని, దానినే అద్దంలోలా తిప్పి అతికించాను. ఆసుపత్రి పని ఇది, రోజూ చేసేదే. పది నిమిషాలు పట్టింది. తెర మీద ఒక ముఖం వచ్చింది. వెడల్పు లేదు, వంకర లేదు. కోరలు రెండూ బుద్ధిగా కిందికి దిగి ఉన్నాయి. పాత పుస్తకాలన్నిటిలో ఉన్న జంతువే. ఎవరైనా చూడగానే గుర్తుపడతారు. కొత్త జంతువు పది నిమిషాల్లో లేకుండా పోయింది. నా ఆరేళ్లు, సార్ ముప్పై ఏళ్లు.

"వచ్చిందా?" అంది సక్రి.

"వచ్చింది."

ఆమె లేచి వచ్చి చూసింది. నా ముఖం కూడా చూసింది. వెళ్లి నాకు నీళ్లు తెచ్చిచ్చింది.

మహదేవపూర్ దారిలో

పొద్దున్నే బయల్దేరాం. మహదేవపూర్ ఇంకా చాలా దూరం ఉందనగా సక్రి "ఆపుండ్రి" అంది. కారు దిగి చుట్టూ చూసి, "యాడీ!" అని కూలబడిపోయింది. వాళ్ల భాషలో అది అమ్మను పిలవడం.

ఆమెకు గుర్తున్నది వాగు కోసిన ఎర్రమట్టి గండి, తుమ్మచెట్లు, మనిషెత్తు గట్లు. ఇప్పుడు అక్కడ పచ్చటి వరి ఉంది. చాపలా చదునుగా. గట్టు మీద బీడీ కాలుస్తూ ఒక రైతు మమ్మల్నే చూస్తున్నాడు. సమ్మయ్య అని చెప్పాడు. నాలుగేళ్ల కిందట మిషను పెట్టి చదును చేయించాడట.

"ఈడ రాళ్ల కుప్ప ఉండె గద అన్నా?" అంది సక్రి.

"ఉండె. నాలుగైదు బండరాళ్లు. మస్తు బరువు, ఎర్రగ."

"ఏం జేసినవ్?"

"ఏం జేస్త? మోటరుకు దిమ్మె కట్టిన."

పొలం మూలన మోటారు నడుస్తోంది. మేం ముగ్గురం గట్ల మీద నుంచి వెళ్లాం. నడుం ఎత్తు దిమ్మె. రాళ్లూ సిమెంటూ కలిపి కట్టి, పైన మాత్రమే నునుపు చేశాడు. పక్కలు అలాగే వదిలేశాడు. సక్రి దాని చుట్టూ తిరిగి, నీళ్లు పడే వైపు వంగింది. వంగి, మళ్లీ లేవలేదు. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

సిమెంటులోంచి ఒక కోర బయటికి చూస్తోంది. ఎడమ కోర. పైన సగం కంటి గుంట. దానిలో నాచు పట్టింది. మోటారు అదురుకు ఆ తల మొత్తం సన్నగా వణుకుతోంది.

 సమ్మయ్య వచ్చి, "ఏంది? ఏమున్నది?" అని వంగాడు. వేలు పెట్టి చూపించాను. ఇది రాయి కాదండీ, ఒక జంతువు తల అన్నాను. ఆయన బీడీ పారేశాడు. చెప్పులు విడిచాడు. "నేను దినాం దీని మీదనే కూసుంటా గదా" అన్నాడు నెమ్మదిగా. "అన్నం గూడ ఈడనే తింటా."

పోయి మోటారు ఆపేశాడు. దిమ్మె వణకడం ఆగింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే వరిలో పురుగుల చప్పుడు వినబడింది.

ఫోటో తీసి సార్‌కు పంపాను. కింద ఒక్క మాట కూడా రాయలేదు. రాయడానికి నాకేముంది? రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది. "సక్రికి ఇవ్వు" అన్నాడు.

నాకు వినబడింది ఆమె మాటలే.

"ఆ సారూ... సక్రినే... బాపు పోయిండు సారూ, ఎనిమిదేండ్లాయె... ఆ... నా చేతులతోనే సారూ... తప్పైంది... ఆ... ఆ..." తర్వాత ఫోను చెవికి ఆనించుకుని వింటూ ఉంది. "అయ్యో, నువ్వేడుస్తే ఎట్ల సారూ? ఊకో. ఊకో సారూ."

ఫోన్ నాకిచ్చేసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏమన్నాడక్కా?"

"'ముప్పై ఏండ్లు చెప్పలేదంటే, నేను గంత కోపిష్టోణ్ణా సక్రీ?' అని అడిగిండు."

"నువ్వేమన్నావు?"

"అవును సారూ అన్న."

దిమ్మె ఇప్పుడు పగలగొట్టడం కుదరదన్నాడు సమ్మయ్య. వరి పొట్టకొచ్చింది. నీళ్లాగితే పంట పోతుంది. బతిమాలితే వినేవాడేనేమో. నేను బతిమాలలేదు. ఇన్ని కోట్ల ఏళ్లు ఆగింది, కోతలదాకా ఆగలేదా? "కోతలైనంక ఫోన్ చేస్త. మీరొచ్చేదాక నేను దాన్ని ముట్ట. మాటంటే మాటే" అన్నాడు. మధ్యాహ్నం వాళ్లింట్లో నాటుకోడి కూర తిన్నాం. దిమ్మె మీద కూర్చోవడం ఆ రోజునుంచి మానేశాడని తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చాక

వ్యాసం వెనక్కి తీసుకుంటూ ఉత్తరం సారే రాశాడు. నా పదకొండు గుర్తుల సంగతి నేను కూడా అందులో రాశాను. ప్రయోగశాలలో పాత బంక కరిగించి తలను రెండుగా విడదీశాం. కుడి చెంప ఊడి నా చేతిలోకి వచ్చినప్పుడు, లోపల సందుల్లో గట్టిపడిన ఎర్రమట్టి కనిపించింది. దాని మీద వేళ్ల గుర్తులున్నాయి. సన్నటి, పంతొమ్మిదేళ్ల వేళ్లు. సార్ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. కడగనివ్వలేదు.

ఏప్రిల్ చివర సమ్మయ్య ఫోన్ చేశాడు. మళ్లీ వెళ్లాం, ఈసారి మల్లేశం కూడా మాతో వచ్చాడు. సక్రి రెండు రోజులు సన్న ఉలితో సిమెంటు తొలిచింది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. సమ్మయ్య భార్య ఎండకు గొడుగు పట్టుకుని నిలబడింది. తల మూడు ముక్కలుగా వచ్చింది. మోటారుకు కొత్త దిమ్మె సార్ ఖర్చుతో కట్టించాం.

హైదరాబాదులో ఆ మూడు ముక్కలకు కుడి చెంప ఆనించాను. టక్కున కూర్చుంది, తాళంచెవి తిరిగినట్టు. స్కాన్ తీసి గుర్తులు పెట్టాను. ఒక్కటి కూడా తీసేయలేదు. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. నొక్కుడు పైనుంచి, కొంచెం ఎడమకు ఒరిగి వచ్చిందని తేలింది. దాన్ని వెనక్కి తిప్పితే ముఖం లేచింది. మొదటిదానికంటే కాస్త చిన్నది. అదే జాతి.

సక్రి కోడలి ఫోన్‌కు వీడియో కాల్ చేసి చూపించాను. సక్రి తెరను దగ్గరకు లాక్కుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరకు తెచ్చి చూసింది.

"కొత్తదేం గాదా?" అంది.

"కాదక్కా. అందరికీ తెలిసినదే. పుస్తకాల్లో ఉన్నదే." ఆ మాట చెబుతుంటే నా గొంతులో ఇంకా కొంత నిరాశ ఉంది. దాచలేకపోయాను.



"అయితే మంచిదే గద," అంది సక్రి. "దీని అసొంటియి శాన ఉండెనన్నట్టు. ఇది ఒంటరిగ లేకుండె."